సందమెట్ట గిలిగిచ్చ

మొన్న కార్తీకమాసంలో ఒక ఉదయం, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, కంటి ఆపరేషన్ అయ్యాక కొత్తగా తిరిగొచ్చిన చూపుతో పేపరు తిరగేస్తూ, అసలు సంగతి ఒప్పుకోవాలంటే నివాళి ప్రకటనల్లో తెలిసిన మొహాలు ఏమైనా ఉన్నాయేమోనని వెతుక్కుంటూ కూర్చున్నాను. మన వయసువాళ్లం అందరం చేసే పనే కదా, దాచుకోవడం దేనికి. అంతలో ఫోనులోకి ఒక ఫోటో వచ్చింది. గోధుమరంగుకి తిరిగిన దళసరి కాగితం మీద తెల్లదారంతో అక్కడక్కడా కుట్టిపెట్టిన ఎండుమొక్క. నాలుగు రెమ్మలు, చివర్లలో పూలు, కింది రెమ్మకి ఉబ్బిన కాయలు. చూడగానే మొక్కని గుర్తుపట్టలేదు గాని కుట్టుని గుర్తుపట్టాను. కాడకి అటూ ఇటూ సూది దించి, వెనక ముడి వెయ్యకుండా దారం కొసని జిగురుతో అంటించే ఆ కుట్టు నాది. నా చేతి పని నాకు తెలియదా.

ఆ తరవాత పూలకేసి చూసి అలాగే ఉండిపోయాను. నలభై ఏళ్లు ఎప్పుడో దాటిపోయాయి, అయినా ఆ పూలు ఇంకా పసుపురంగులోనే ఉన్నాయి. రేకుల మీద సన్నగా పాకిన ఎర్రని ఈనెలు కూడా కనిపిస్తున్నాయి. ఈలోగా నా జుట్టు నెరిసింది, మోకాళ్లు అరిగాయి, నాకు ఆ మొక్కని చూపించిన మనిషి లోకం విడిచి వెళ్లిపోయారు. ఒక్క పూట ఎండకి వాడిపోవలసిన పువ్వు మాత్రం తన రంగుని తాను పట్టుకుని అట్టపెట్టెలో కూర్చుని ఉంది. కాఫీ చల్లారిపోయిందని మధ్యాహ్నం దాకా గమనించలేదు.

ఫోటో పంపిన అమ్మాయి నా శిష్యురాలి శిష్యురాలు, అంటే చదువు వరసలో నాకు మనవరాలు. అందుకే కాబోలు మొదటిసారి మాట్లాడినప్పుడే మేడం అనకుండా అమ్మమ్మగారూ అంది, నాకు ప్రాణం లేచొచ్చింది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రభుత్వపు అడవుల్లోనూ కొండపోరంబోకుల్లోనూ గిలిగిచ్చ జాతి మొక్కలు ఎక్కడెక్కడ ఉండేవో, ఇప్పుడు ఎక్కడ మిగిలాయో, పాత హెర్బేరియం షీట్లన్నీ తీసి సరిచూసే పనిలో ఉందట ఆ పిల్ల. ఎండబెట్టిన మొక్కని కాగితానికి కుట్టి, ఎక్కడ దొరికిందో ఎవరు తెచ్చారో కింద లేబులు మీద రాసి భద్రపరిస్తే దాన్నే హెర్బేరియం షీటు అంటాం. మిగతా షీట్ల సంగతి అలా ఉంచి, నేను కుట్టిన ఈ ఒక్క షీటు దగ్గరే ఆమెకి చిక్కొచ్చిపడింది. ఇందులో ఉన్న మొక్క ఈ ప్రాంతంలో మరే షీటులోనూ లేదు. లేబులు మీద ఉన్న చందమెట్ట అనే కొండ ఏ పటంలోనూ లేదు. సాలూరు రోడ్డు పొడుగునా వారం పాటు అడుగుతూ తిరిగినా ఆ పేరు విన్న మనిషి ఒక్కరూ దొరకలేదు. ఆమె పరిశోధన చూసే పెద్దలు చెప్పేశారట, చోటు తేలకపోతే లేబులు తారుమారై ఉంటుంది, ఇంకెక్కడి మొక్కో అయి ఉంటుంది, ఈ పూత అయిపోయేలోగా తేల్చు, లేదంటే దాన్ని లెక్కలోంచి తీసెయ్యి అని.

తీసెయ్యడమంటే ఏమిటో బయటివాళ్లకి అర్థం కాదు. ఆ మొక్క మన నేలమీద ఎన్నడూ పుట్టలేదని చెప్పడం అది. చందమెట్ట ఎక్కడుంది అమ్మమ్మగారూ అని ఆ పిల్ల అడిగితే, ఎక్కడా లేదమ్మా అన్నాను. మరి ఉన్నదేమిటో చెప్పాలంటే వెనక్కి వెళ్లాలి.

మాది గజపతినగరం దగ్గర పల్లె. వరి, గోగు, జనుము పండించుకునే ఇల్లు. జనుము కాయలు ముదిరాయో లేదో మా నాన్న చూసి చెప్పేవాడు కాదు, విని చెప్పేవాడు. చేలోకి దిగి ఒక మొక్కని మొదట్లో పట్టుకుని ఊపి, తల పక్కకి వంచి, మోగుతున్నాదేటే, ఇను, అని నాకూ వినిపించేవాడు. పచ్చికాయ పలకదు, ఎండిన కాయలో గింజలు విడిపోయి గలగలమంటాయి. చేను చేనంతా గాలికి ఒక్కసారి మోగిందంటే ఇక ఆగకూడదు, మర్నాడే కోత. మా ఇంట్లో పిల్లలకి వేరే గిలక్కాయలు కొన్న జ్ఞాపకం నాకు లేదు.

బి.ఎస్సీ. అయ్యాక కాలేజీలో డెమాన్‌స్ట్రేటరుగా చేరాను. మా వృక్షశాస్త్రం శాఖకి మాస్టారే పెద్ద. గోదావరి అవతల నుంచి వచ్చి మా జిల్లాలో స్థిరపడ్డ మనిషి. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ పంచెతో కొండెక్కి అదే ఇస్త్రీతో దిగేవారు. ఆయనకి ప్రపంచంలో రెండే విషయాల మీద పట్టింపు, ఒకటి మొక్క, రెండోది మాట. మొదటి రోజునే నన్ను ప్రయోగశాల కిటికీ దగ్గరికి పిలిచి, కాలేజీ గోడ పక్కన తనంతట తానే మొలిచిన ఒక పసుపుపువ్వు మొక్కని చూపించి పేరు అడిగారు. గిలిగిచ్చ అన్నాను. మీ పొలంలో ఏం పండిస్తారన్నారు. జనుమన్నాను. అవి రెండూ అక్కచెల్లెళ్లని ఎప్పుడైనా అనుకున్నావా అన్నారు.

నేను అనుకోలేదు. అప్పుడాయన చెప్పారు, మొక్కలకి పెట్టే శాస్త్రీయమైన పేర్లు అచ్చం మన తెలుగువాళ్ల పేర్లలాగే ఉంటాయని, ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక అని. ఈ ఇంటిపేరు క్రోటలేరియా. దానికి అర్థం గిలక్కాయ. ఎక్కడో సముద్రాలవతల గ్రీకు భాష మాట్లాడేవాళ్లు, మా నాన్న చేలో నిలబడి విన్న చప్పుడునే విని ఆ మాట పుట్టించారన్నమాట. ఎకరాలకొద్దీ మేము విత్తే జనుమూ, గోడ పక్కన ఎవరూ పట్టించుకోని గిలిగిచ్చా, కొండలమీద ఊరూ పేరూ లేకుండా పూసి రాలిపోయేవీ అన్నీ ఒక ఇంటివాళ్లే. ఆ రోజు సాయంత్రం ఇంటికెళ్లి మా నాన్నకి ఇది చెప్తే, ఆయన చుట్ట ఆర్పేసి, అయితే మనం అడవిలో వాళ్లకి చుట్టాలమేనన్నమాట అని నవ్వాడు. ఆయనకి అది వేళాకోళం. నాకు మాత్రం ఆ రాత్రంతా ప్రపంచం పెద్దదైపోయినట్టుంది.

ఆ తరవాత మేము తిరిగిన తిరుగుడు చెప్తే ఇప్పటివాళ్లు నమ్మరు. పెళ్లికాని పిల్ల మాస్టారితో కొండలెంట పోతుందంటే ఊరు ఊరుకోదు కదా, అందుకని ఆయన భార్య, నేను పిన్నిగారు అని పిలిచే ఆవిడ, పులిహోర డబ్బా పట్టుకుని మాతో బయల్దేరేవారు. వెళ్లేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు మాత్రం సాలూరు లారీలే దిక్కు. సాలూరులో లారీ లేని ఇల్లు లేదనుకునేవాళ్లం. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో విజయనగరం వైపు దిగే లారీని చెయ్యెత్తి ఆపితే, ఆడవాళ్లున్నారని కేబిన్‌లో చోటిచ్చేవారు. మొక్కల్ని పాత పేపర్ల మధ్య పరిచి, రెండు చెక్కల నడుమ పెట్టి, పటకాలతో బిగించిన ప్రెస్సుని మాస్టారు పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకునేవారు. ఒకసారి డ్రైవరు దానికేసి చాలాసేపు చూసి, ఏటి మాస్టారూ, అప్పడాలేటి? అని అడిగాడు. మాస్టారు గంభీరంగా అవునన్నారు. పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

కళింగపట్నం వెళ్లినప్పుడు ఇంకా బాగా అయింది. ఇసకలో పెరిగే గిలిగిచ్చ రకమేదో ఉంటుందని వెళ్లి, తడిసిన పేపర్లు ఎండలో పరుచుకుని కూర్చున్నాం. కాస్త అవతల చేపలు ఎండబెట్టుకుంటున్న ఆడవాళ్లు వచ్చి, ఒక్కో కాగితం ఎత్తి చూసి, మీయీ ఎండబెట్టడవే, మాయీ ఎండబెట్టడవే, గానీ మాయి తింటారు, మీయి ఎవులు తింటారమ్మా? అన్నారు. పురుగులు తింటాయి అని మాస్టారు ఉన్నమాట చెప్పేశారు. నిజంగానే మా యుద్ధమంతా పురుగులతోనూ తేమతోనూ. వానాకాలంలో రోజూ పేపర్లు మార్చాలి, లేకపోతే పువ్వు నల్లబడిపోతుంది. అప్పటి షీటు మీద పువ్వు ఇప్పటికీ పసుపుగా ఉందంటే, ఎవరో విసుక్కోకుండా దాని కింద పేపరు మార్చారన్నమాటే. ఆ ఎవరో నేనే అయినా, ఫోటో చూసినప్పుడు అది నేనంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

మాస్టారు పెట్టిన నియమం ఒకటుండేది. లేబులు మీద పడిన అక్షరాన్ని చెరపకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత, కింద ఉన్నది చదవడానికి వీలుగా, పక్కన సరైనది. కాగితానికి అంటించాక అయితే ఆ గీత కూడా కూడదు, వేరే చీటీ మీద రాసి పక్కన అంటించాలి. ముందువాడు ఏమనుకున్నాడో వెనకవాడికి తెలియాలి, అనేవారు. బ్లేడుతో గీకబోయిన ఒక కుర్రాడిని ఆయన తరగతి బయట నిలబెట్టడం నేను చూశాను.

ఇక మాట పట్టింపు సంగతి. నేను ఇంట్లో సెప్పు, సూడు అనే మనిషిని. కాలేజీలో చెప్పు, చూడు అనాలి. తొందరలో నోరు జారితే ఆయన సున్నితంగా, పదిమందిలోనే, దిద్దేవారు. సెట్టు కాదమ్మా, చెట్టు. సిగురు కాదు, చిగురు. నాకు ముక్కు కొసదాకా కోపం వచ్చేది, అయినా దిద్దుకునేదాన్ని. ఆయన మనసులో చెడ్డ లేదని ఇప్పుడు తెలుసు. మా ప్రాంతంలో ఎక్కడ స వినపడ్డా దాని వెనక చ దాక్కుని ఉంటుందని ఆయన గట్టిగా నమ్మారు, అంతే. పాపం ఆయనొక్కరేనా, శ్రీకాకుళాన్ని సిక్కోలు అని మేమంటే చికాకోల్ అని రాసుకుపోయిన తెల్లదొరలు లేరూ!

సందమెట్టకి మేము వెళ్లింది కూడా కార్తీకంలోనే. సాలూరు రోడ్డు మీద బస్సు దిగి, చోళ్ల చేల, అంటే రాగి చేల, మధ్య నుంచి నడిచి, చిన్న ఊరొకటి దాటితే అడవిశాఖవాళ్ల సరిహద్దు రాయి, అక్కణ్ణించి మెట్ట. చూడ్డానికి పెద్ద కొండేం కాదు, ఉత్తర దక్షిణాలుగా పొడుగ్గా పడుకున్న రాతి గుట్ట. పైకెక్కాక రాతిపలకల మధ్య మట్టి నిలిచిన చోటల్లా, నేలకి జానెడు ఎత్తున, మేము అంతవరకు చూడని గిలిగిచ్చ పూసి ఉంది. కాయల మీద నూగు, పువ్వు మీద ఎర్రగీతలు. మాస్టారు మోకాళ్ల మీద కూర్చుండిపోయారు. భూతద్దం తీసి ఒక్కో పువ్వునీ తిప్పి తిప్పి చూశారు. చివరికి నన్ను పిలిచి, దీని ఇంటిపేరు తెలుసు గాని సొంతపేరు నాకు తెలియదమ్మా అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో చిన్నబుచ్చుకోవడం లేదు సరికదా, పండగ కనపడింది. తెలియనిదాని ముందు మనిషి అంత సంతోషంగా ఉండగలడని నాకు అప్పుడు తెలిసింది.

మేకలు తోలుకొస్తున్న ఒకావిడని నేనే అడిగాను, ఈ కొండ పేరేటని. సందమెట్ట అంది. మూడింటి లారీ కోసం పరుగున దిగిపోయాం. పదిరోజులయ్యాక, ఎండిన మొక్కని కుట్టి, ఇంకా అంటించని లేబులు మీద ఇంగ్లీషులో సందమెట్ట అని రాసి మాస్టారి బల్లమీద పెట్టాను.

ఆయన ఎర్రసిరా కలం తీశారు. నేను అడ్డుపడ్డాను, ఆవిడ సంద అనే చెప్పిందండీ అని. మీవాళ్లు చందమామని ఏమంటారు అన్నారు. సందమామ అన్నాను. మరి, అన్నారు. సంద అంటే సందె అయి ఉండొచ్చు కదండీ అన్నాను, నా ధైర్యానికి నాకే ఆశ్చర్యం. ఆయన కొట్టిపారెయ్యలేదు, నిజంగానే ఆలోచించారు. ఆలోచించి, సందె ప్రతి కొండకీ వస్తుందమ్మా, ఈ కొండకే ఆ పేరెందుకు పెడతారు, అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పిల్ల చెప్పిందే రాయొచ్చు కదండీ అని పిన్నిగారు ఆ సాయంత్రం నా పక్షాన ఒక మాట వేశారు గాని, అప్పటికే ఎస్ అక్షరం మీద ఎర్రగీత, దాని నెత్తిన సి, హెచ్ పడిపోయాయి. దానిమీద నేను రెండు రోజులు ముభావంగా ఉన్నాను. ఆ తరవాత సెలవుల్లో ఒకసారీ, ఉద్యోగాల బదిలీల్లో ఇంకోసారీ వాయిదాపడి, మేము మళ్లీ ఆ మెట్టకి వెళ్లనే లేదు. సొంతపేరు కోసం వదిలిన ఖాళీ అలాగే ఉండగానే మాస్టారు వెళ్లిపోయారు.

ఇదంతా ఫోనులో ఆ పిల్లకి చెప్పి, లేబులుని పెద్దది చేసి చూడు, ఎర్రగీత కింద ఎస్ కనపడుతుంది అన్నాను. కాసేపటికి, ఉంది అమ్మమ్మగారూ అంది. ఆయన నియమమే నా అక్షరాన్ని కాపాడింది. బ్లేడు పెట్టి గీకే మాస్టారైతే ఈపాటికి నేనే మరిచిపోయి ఉందును.

మర్నాడే కారేసుకొచ్చింది. అడవిశాఖ అనుమతి కాగితం తెచ్చుకుంది, నాకు నడుముకి దిండు కూడా తెచ్చింది. తోవంతా నాకు గుబులు; ఫోనులో అంత గట్టిగా చెప్పానే, తీరా వెళ్లాక నాకే తెలియకపోతే? అలాగే అయింది. చోళ్ల చేలు లేవు, జీడిమామిడి తోటలు, మధ్య మధ్య నీలగిరి చెట్లు. రోడ్డు వెడల్పై పాత బస్టాపు ఆనవాలే లేకుండా పోయింది. కనపడిన మెట్టలన్నీ ఒకలాగే ఉన్నాయి. సరిహద్దు దగ్గర కలిసిన గార్డు అబ్బాయి మర్యాదగా, మా రికార్డుల్లో అన్నీ నంబర్లేనండీ, పేర్లుండవు అన్నాడు. బడి పిల్లల్ని అడిగితే చందమెట్టా తెలియదు, సందమెట్టా తెలియదు. ఇది టవర్ కొండ, అది క్రషర్ కొండ అన్నారు. క్రషర్ కొండ సగమే ఉంది. మిగతా సగం రోడ్ల కింద కంకరగా పోయిందట. మన మెట్ట అదేనేమోనని భయపడుతూనే ఊళ్లోకి నడిచాను.

ఒక ఇంటి అరుగు మీద నాకన్నా పెద్దావిడ చింతపండు గింజ తీస్తూ కూర్చుని ఉంది. చివరి ఆశగా, అవ్వా, సందమెట్ట ఏది అన్నాను. చేతిలో చింతపండు అలాగే ఉంచి నాకేసి చూసింది.

"ఓలమ్మో! ఆ పేరు ఇన్నాళ్లకి ఒక నోట ఇన్నాను. ఎవులమ్మా నువ్వు? అల్లదిగో, ఆ టవరున్నాది సూడు, అదే. మా అత్త పోయినాక ఆ మాటన్నోలే నేరు."

ఇది ఏదో అరకొర గుర్తు కాదు, ఎదురుగా వేలుపెట్టి చూపించింది. నేనూ ఆ పిల్లా ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. గార్డు అబ్బాయి మాత్రం, ఈ అవ్వ మాకెప్పుడూ చెప్పలేదే అన్నాడు. నువ్వెప్పుడైనా అడిగినావేటి అంది అవ్వ.

టవర్ కోసం సిమెంటు బాట వేశారు గనక ఎక్కగలిగాను, లేకపోతే నా మోకాళ్లకి ఆ మెట్ట దక్కేది కాదు. అదే బాట కోసం రాతిపలకలు పగలగొట్టారు కూడాను. దేన్ని తిట్టుకోవాలో దేనికి దండం పెట్టుకోవాలో తెలియలేదు. టవర్ చుట్టూ కంచె, జనరేటరు, ఖాళీ నీళ్ల సీసాలు. ఆ పిల్ల ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకి ఒక్కో బండ చుట్టూ వంగి వంగి వెతికింది. మా ఎర్రగీతల గిలిగిచ్చ లేదు. మామూలు రకాలే నాలుగు మొక్కలు కనపడ్డాయి. మధ్యాహ్నం దాటేసరికి ఆమె మొహం వాడిపోయింది. ఇంకోసారి వద్దాంలెండి అన్న గొంతులో ఇక రామన్న సంగతి వినపడింది. నేను ఒక రాయి మీద కూలబడి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ఒట్టి పేరు దొరికి ఏం లాభం, మొక్కే పోయాక, అనుకున్నాను.

అప్పుడు జనరేటరు ఆగింది. అది మోగుతోందని ఆగాకే తెలిసింది. గాలి పడమటి వాలు మీదనుంచి పైకి తిరిగింది, ఆ గాలిలో, చాలా సన్నగా, గలగలమని చప్పుడు. మా నాన్న నా పక్కన నిలబడి తల వంచి వింటున్నట్టు అనిపించింది. నేను లేవలేక, చేత్తోనే అటు చూపించి, మోగుతున్నాది సూడే, మోగుతున్నాది, అని అరిచాను. చెప్పు, చూడు అన్నీ ఏమైపోయాయో ఏమో.

ఆ పిల్ల కంచె వెనక వాలులోకి దిగింది. బాట వెయ్యని ఆ పక్కన, నా చూపుకి అందని చోట, రాతిపలకల మధ్య పొడుగునా ఉన్నాయట. కేక వేసింది, నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. ఒక్క రెమ్మ తెంచి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. పసుపురేకుల మీద ఎర్రగీతలు. షీటు మీద చూసిన ఎరుపు కన్నా కొంచెం ఎక్కువ ఎరుపు, అంతే తేడా. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో చూసిన మొక్కకి ఇది ఎన్నో తరం మనవరాలో, అక్కడే పుట్టి, అక్కడే మోగి, అక్కడే గింజ రాల్చుకుంటూ, మనలో ఎవరూ రాకపోయినా ఏటేటా తన పని తాను చేసుకుంటూ ఉండిపోయింది. నేను చేతులు జోడించాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

మూడింటి లారీ పట్టుకోవలసిన పని లేదు కదా ఇప్పుడు, కారుంది. అవ్వకి చెప్పి వెళ్దామని దిగి, ఆమె అరుగు మీద టీ తాగుతూ కూర్చున్నాం. ఎదురుగా మెట్ట. ఊరికి సరిగ్గా పడమట, గోడ కట్టినట్టు. మాటల్లో ఉండగానే పొద్దు టవర్ పక్కకి వచ్చి, మెట్ట వెనక్కి దిగిపోయింది. చూస్తుండగా నీడ వాలులోంచి కిందికి జారి, తోటలు దాటి, వీధి దాటి, మా పాదాలమీదుగా అరుగెక్కి, మా గ్లాసులమీదుగా ఇంట్లోకి వెళ్లింది. తిరిగి చూస్తే తూర్పున పక్క ఊరి పెంకుల మీదా పొలాల మీదా ఇంకా బంగారంలాంటి ఎండ. అక్కడింకా పగలు. ఇక్కడ సందె.

"పక్కూరోల్లకింకా గంట పొద్దుంటాది, మాకు సందేలైపోతాది. ఈ మెట్టే కదా తల్లీ మాకు సంద తెచ్చీది. దీనిమీద పొద్దు ఆనినాదంటే మా అత్త పొయ్యి రాజేసీది," అంది అవ్వ, పెద్ద విశేషమేమీ కానట్టు.

సందె ప్రతి కొండకీ వస్తుందమ్మా, ఈ కొండకే ఆ పేరెందుకు? జవాబు నా పాదాలమీదుగా నడిచి వెళ్లింది. ఇన్నేళ్లూ నా దగ్గర లేని ఆ జవాబు అక్కడే ఉంది, ప్రతి రోజూ వచ్చి వెళుతూనే ఉంది. గెలిచానన్న సంబరం ఉంటుందేమోనని నాలో నేను వెతుక్కున్నాను, లేదు. ఆశ్చర్యం ఒక్కటే ఉంది, దాని వెనకే ఇది చెప్పడానికి ఆయన లేరే అన్న బాధ.

పోయిన వారం ఆ పిల్ల పాత షీటు దగ్గరికి నన్ను తీసుకెళ్లింది. పెట్టె తెరిచి కాగితం ఎత్తగానే, కుట్టి ఉన్న ఎండుకాయలు ఇంకా, ఇన్నేళ్ల తరవాత కూడా, చిన్నగా మోగాయి. పక్కన అంటించవలసిన కొత్త చీటీని నా చేతికిచ్చి, మీరే రాయండి అమ్మమ్మగారూ అంది. సందమెట్ట అని రాశాను, మొదటి అక్షరం ఎస్. ఊరికి పడమట ఉండి ముందుగా సందె తెస్తుంది గనక ఆ పేరు అని కింద ఇంకో వరస కూడా రాశాను. మాస్టారి ఎర్రసిరాని ఎవరం ముట్టుకోలేదు. షీటు లెక్కలో నిలిచింది. సొంతపేరు కోసం వదిలిన ఖాళీ ఇంకా ఖాళీగానే ఉంది, ఆ పిల్ల నింపుతుంది.

ఇప్పుడు ఆ ఊళ్లో పొయ్యి రాజెయ్యడానికి ఎవరూ మెట్టకేసి చూడరు. వేళ ఫోను చెప్తుంది, వీధిదీపాలు వాటంతటవే వెలుగుతాయి, సంద అన్న మాట ఒక అవ్వ నోట్లోనూ ఒక కాగితం మీదా మిగిలింది. దానికి ఎవర్నీ తప్పుపట్టను, నేనూ అలారం పెట్టుకునే నిద్రలేస్తున్నాను. కాని ఈమధ్య సాయంత్రాలు మా మేడమీద కూర్చుంటే ఒకటే అనిపిస్తోంది. అన్ని కొండలు తిరిగామే, అన్నిసార్లు పరుగెత్తుకుంటూ దిగి, రొప్పుతూ, చేతులెత్తి ఆ మూడింటి లారీలు ఆపామే. ఆ ఒక్కరోజు, మాస్టారూ పిన్నిగారూ నేనూ, మా అప్పడాల పెట్టెతో సహా, ఆ లారీ తప్పిపోయి ఉంటే ఎంత బాగుండేది.